ఏకాగ్రతకు అంకె ఎలా వేయాలి? సైకాలజీ ప్రాజెక్టులో కొలతల పోలిక

రికార్డు పుస్తకం మొదటి పేజీలో ఇలా ఉంటుంది: ‘స్వతంత్ర చరం – సెల్‌ఫోన్. పరతంత్ర చరం – ఏకాగ్రత.’ నల్గొండలో డిగ్రీ, బీఎడ్ పిల్లల సైకాలజీ ప్రాజెక్టులు చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ రెండు లైన్లు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. స్వతంత్ర చరం అంటే మనం మార్చి చూసేది, పరతంత్ర చరం అంటే దానివల్ల మారిందా అని కొలిచేది. రాసిన వాళ్లను పిలిచి నేను అడిగేది ఒక్కటే. “రేపు పొద్దున పదింటికి గదిలో ఇరవై మంది కూర్చున్నారనుకో బిడ్డా. నువ్వు వాళ్లతో ఏం చేయిస్తావు? కాగితం మీద ఏ అంకె వేస్తావు?” చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆగిపోయినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. ప్రాజెక్టు మొదలయ్యేదే ఆ ప్రశ్న దగ్గర.

ఏకాగ్రత, టెన్షన్, జ్ఞాపకశక్తి కంటికి కనిపించేవి కావు. కనిపించే ఒక పనిని వాటికి గుర్తుగా పెట్టుకుని దాన్ని లెక్కపెడతాం. ఏ పనిని, ఎట్లా లెక్కపెడుతున్నామో రాసుకున్న మాటనే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. ఈ ఆలోచన సైకాలజీకి భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. ఒక భావానికి అర్థం దాన్ని కొలవడానికి మనం చేసే పనుల్లోనే ఉంటుందని భౌతికశాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1927లో వాదించాడు. అంత పెద్ద వాదం విద్యార్థికి అవసరం లేదు కానీ, అందులోని క్రమశిక్షణ మాత్రం అవసరం.

ఒకే భావాన్ని ఐదారు రకాలుగా కొలవచ్చు. వాటిలో దేన్ని తీసుకోవాలన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను. ఉదాహరణగా మన పిల్లలు ఎక్కువగా తెచ్చే ప్రశ్ననే తీసుకుందాం: ఫోన్ దగ్గరుంటే చదువు మీద ధ్యాస తగ్గుతుందా? 2017లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో కొందరు ఫోన్ బల్ల మీద పెట్టుకున్నారు, కొందరు జేబులోనో సంచిలోనో ఉంచుకున్నారు, కొందరు వేరే గదిలో పెట్టి వచ్చారు. వేరే గదిలో పెట్టినవాళ్లు పరీక్ష మెరుగ్గా చేశారు. తర్వాత అదే పని మళ్లీ చేసి చూసిన వాళ్లందరికీ ఆ తేడా కనిపించలేదు. అంటే సంగతి ఇంకా తేలలేదు. మీరు చేసే ప్రయోగానికీ విలువ ఉంది.

ముందు స్వతంత్ర చరం: మనిషిని ఎంచాలా, పరిస్థితిని మార్చాలా

‘ఫోన్ ఎక్కువ వాడేవాళ్లు, తక్కువ వాడేవాళ్లు’ అని రెండు గుంపులు చేయడం ఒక పద్ధతి. ఒకే మనిషికి ఫోన్ ఉన్న చోటు మార్చి చూడడం ఇంకో పద్ధతి. మొదటిది తేలికగా కనిపిస్తుంది, ఎందుకంటే గుంపులు ముందే ఉన్నాయి. కానీ ఎక్కువ వాడే అబ్బాయి హాస్టల్లో ఉండి రాత్రి ఒంటిగంటకు పడుకుంటుండవచ్చు. తక్కువ వాడే అమ్మాయికి ఇంట్లో అసలు సొంత ఫోన్ లేకపోవచ్చు. తేడా వస్తే అది ఫోన్ వల్లా, నిద్ర వల్లా, ఇంటి పరిస్థితి వల్లా? చెప్పలేం. ఆ పద్ధతే కావాలంటే కనీసం ‘రోజుకు ఎన్ని గంటలు వాడతావు’ అని అడగొద్దు. ఫోన్ సెట్టింగుల్లో స్క్రీన్ టైమ్ ఉంటుంది. ప్రయోజ్యుడి (ప్రయోగంలో పాల్గొనే మనిషి) అనుమతితో గత ఏడు రోజుల సగటు రాసుకోండి.

నా సలహా రెండో పద్ధతి. అందులో కూడా ‘ఫోన్ దగ్గర ఉంది, దూరంగా ఉంది’ అని రాస్తే చాలదు. ఎవరి ఫోన్? సైలెంట్‌లో ఉందా? వైబ్రేషన్? తెర పైకా కిందికా? ఎంత దూరం? ఒక అబ్బాయి ‘జానెడు దూరంలో’ అని రాశాడు. ఒక్కొక్కరి జాన ఒక్కో కొలత. 20 సెంటీమీటర్లు అని రాయండి.

ఇక్కడ మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. ‘ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల జ్ఞాపకశక్తి’ మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చేవాళ్లు మాకు ఉంటారు. మర్రిగూడ వైపు ఊళ్లలో వంగిపోయిన నడుములను ఇంట్లోనే చూసి పెరిగిన పిల్లలకు ఆ ప్రశ్న రావడం సహజం. నీళ్లలో ఫ్లోరైడ్‌ను తీసేయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. పైగా ఫ్లోరైడ్‌ను కొలవడం చాలా కచ్చితమైన పని: లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని చెప్పొచ్చు, 1.5 దాటకూడదని హద్దు కూడా ఉంది. కానీ కొలవగలగడం వేరు, మార్చగలగడం వేరు. ఎవరికీ ఫ్లోరైడ్ నీళ్లు తాగించి చూడలేం, చూడకూడదు. రెండు ఊళ్లను పోలిస్తే బడి, తిండి, ఆదాయం అన్నీ వేరుగా ఉంటాయి. ఆ ప్రాజెక్టు చేయొచ్చు, చేయాలి కూడా. అయితే రికార్డులో ‘ప్రయోగం’ అని రాయకుండా సహసంబంధ అధ్యయనం (రెండు సంగతులు కలిసి మారుతున్నాయా అని మాత్రమే చూసేది) అని రాయండి. మాట మారితే ముగింపులో ఎంతవరకు చెప్పొచ్చో కూడా మారుతుంది.

పరతంత్ర చరం: ఐదు దారులు

1. అడగడం. ‘ఎంత ధ్యాసతో చదివావు? 1 నుంచి 10లో చెప్పు.’ రెండు నిమిషాల పని, ఖర్చు లేదు. అందుకే అందరూ దీన్నే పట్టుకుంటారు. ఇబ్బంది ఏమిటంటే నా 7, మీ 7 ఒకటి కావు. 8 వేసినవాడికి 4 వేసినవాడికంటే రెట్టింపు ధ్యాస ఉందని కూడా అనలేం. 1946లో స్టీవెన్స్ అనే సైకాలజిస్టు కొలతలను నాలుగు రకాలుగా విడగొట్టాడు: పేరు మాత్రమే చెప్పేవి, వరుస చెప్పేవి, సమాన దూరాలు ఉన్నవి, నిజమైన సున్నా ఉన్నవి. మనం అడిగి వేయించుకునే అంకె కచ్చితంగా చెప్పగలిగేది వరుస వరకే. ఇంకో ఇబ్బంది మొహమాటం. ఫోన్ ఎదురుగా పెట్టి ‘ధ్యాస తగ్గిందా’ అని సీనియర్ అడిగితే, వాళ్లకు ఏ జవాబు కావాలో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

అయినా ఈ దారిని కొట్టిపారేయను. టెన్షన్, విసుగు, నిద్రమత్తు లాంటివి ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియవు. వాటిని అడగాల్సిందే. అడిగేటప్పుడు తయారుగా ఉన్న స్కేలు వాడాలా, సొంతంగా రాసుకోవాలా అంటే, తయారుగా ఉన్నదే మేలు. కాకపోతే అది ఏ కాలం గురించి అడుగుతోందో ముందు చూడండి. ఒత్తిడిని కొలవడానికి బాగా వాడే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేలులో పది ప్రశ్నలూ ‘గత నెల రోజుల్లో’ అని మొదలవుతాయి. పది నిమిషాల ప్రాణాయామానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే కాగితం ఇచ్చి ‘ఒత్తిడి తగ్గలేదు’ అని రాసిన ప్రాజెక్టు నా దగ్గరికి వచ్చింది. గడిచిన నెల పది నిమిషాల్లో ఎలా మారుతుంది? స్పీల్‌బర్గర్ వ్యాకులత (యాంగ్జైటీ) స్కేలులో ఈ చిక్కు ముందే తీర్చారు. అందులో 40 వాక్యాలు ఉంటే 20 ఇప్పుడు ఎలా ఉందో అడుగుతాయి, 20 మామూలుగా ఎలా ఉంటావో అడుగుతాయి. ప్రయోగానికి కావాల్సింది మొదటి 20. వాడుకోవడానికి అనుమతి మాత్రం తీసుకోవాలి.

తెలుగులోకి మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. ‘నాకు ఆందోళనగా ఉంది’ అని రాసిన వాక్యం దగ్గర ఒక అబ్బాయి చేయి ఎత్తి, “ఏ ఆందోళన సార్, మేము ధర్నాలో లేము” అన్నాడు. అతను తప్పుగా చదవలేదు. తెలంగాణ ఉద్యమం నడిచిన ఊళ్లలో ఆ మాటకు మొదట వచ్చే అర్థం అదే. ‘బుగులుగా ఉంది’ అని మార్చగానే గది మొత్తానికి అర్థమైంది. అట్లాగే ‘ప్రశాంతంగా ఉంది’ కంటే ‘నిమ్మళంగా ఉంది’ అంటే మన దిక్కు సూటిగా తగులుతుంది. మీరు తెలుగు చేసినదాన్ని అసలు కాగితం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషు చేయించండి. రెండూ కలవని చోట మళ్లీ కూర్చోవాలి.

2. చూసి లెక్కపెట్టడం. పది నిమిషాలు చదువుకోమని చెప్పి, ఎన్నిసార్లు ఫోన్ వైపు చూశారో గీతలు గీయడం. అడగడం కంటే నమ్మదగినది, నిజమైన సున్నా ఉన్న కొలత. కానీ ‘చూడటం’ అంటే ఏమిటి? కళ్లు తిప్పితే చాలా, తల తిప్పాలా? చేయి అటు పోయి వెనక్కి వస్తే? ఇవి ముందే రాయాలి. ఇద్దరు పరిశీలకులు ఒకరి కాగితం ఒకరు చూడకుండా గీయాలి.

ఇద్దరూ ఎంతవరకు కలిశారన్న లెక్కలో ఒక మోసం ఉంది. పది నిమిషాలను 15 సెకన్ల చొప్పున 40 ముక్కలు చేశామనుకోండి. 34 ముక్కల్లో ఇద్దరూ ‘చూడలేదు’ అన్నారు, రెండింటిలో ఇద్దరూ ‘చూశాడు’ అన్నారు, మిగతా నాలుగింటిలో చెరో రెండుసార్లు ఒక్కరే ‘చూశాడు’ అన్నారు. 36 కలిశాయి, అంటే 90 శాతం. గొప్పగా ఉంది కదా! కానీ ఎక్కువ ముక్కల్లో ఏమీ జరగలేదు గనుక, ఊరికే గీసినా 82 శాతం కలిసేవి. ఆ 82ను తీసేసి లెక్కగట్టే పద్ధతిని జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చాడు, దాని పేరు కప్పా. ఇద్దరూ పూర్తిగా కలిస్తే కప్పా 1 అవుతుంది, ఇక్కడ 0.44 మాత్రమే వస్తుంది. అంటే మీ నిర్వచనం ఇంకా బిగించాలి. ఇద్దరు మనుషులు, కనీసం రెండు వారాల సమయం ఉంటే తప్ప ఈ దారి పట్టొద్దంటాను.

3. పని ఇచ్చి తప్పులు లెక్కపెట్టడం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. ఒక కాగితం నిండా అక్షరాలు ఇచ్చి, మూడు నిమిషాల్లో ‘క’ కనిపించిన ప్రతిచోటా కొట్టేయమనడం. ఇంగ్లీషు అక్షరాలతో చేసే పరీక్షను చాలామంది అలాగే దించేస్తారు. తెలుగులో చేస్తే బాగుంటుంది, కానీ తెలుగు లిపి మనల్ని ప్రశ్నలు అడుగుతుంది. ‘కి’ లెక్కలోకి వస్తుందా? ‘కొ’? ‘క్క’లో ఒకటా రెండా? ‘ర్క’లో కింద ఒత్తుగా ఉన్న ‘క’ను కొట్టాలా? ముందే తేల్చకపోతే ఇరవై మంది ఇరవై ఆటలు ఆడతారు. తేలికైన దారి: గుణింతాలు, ఒత్తులు లేని విడి అక్షరాలే ఇవ్వడం. లక్ష్యంగా ‘మ’ పెట్టి, చుట్టూ ‘య’, ‘వ’ ఎక్కువగా చల్లితే పరీక్షకు కాస్త పదును వస్తుంది, ఎందుకంటే ఆ మూడింటినీ తొందరలో ఒకదానికొకటి పొరబడతాం.

మార్కు ఎలా? సరిగ్గా కొట్టినవి మాత్రమే లెక్కపెడితే, కనిపించిన ప్రతిదాన్నీ కొట్టినవాడు మొదటివాడవుతాడు. అందుకని సరిగ్గా కొట్టినవాటిలోంచి తప్పుగా కొట్టినవి తీసేయండి. ఆ సూత్రం ప్రయోగానికి ముందే రికార్డులో రాసి తేదీ వేయండి. ఫలితం చూశాక సూత్రం మార్చాలనిపించడం అందరికీ ఉండే బలహీనతే. ముందుగా నలుగురితో చేయించి చూడటం మరవొద్దు. అందరూ మూడు నిమిషాల లోపే మొత్తం సరిగ్గా చేసేస్తే కాగితం మరీ తేలిక. అప్పుడు ఫోన్ ప్రభావం ఉన్నా కనపడే చోటు మిగలదు. అక్షరాలు పెంచండి, లేదా సమయం తగ్గించండి.

దీనికి చుట్టం లాంటిది మన అవధానంలోనే ఉంది. బీఎడ్ పుస్తకాల్లో ధ్యాసను ‘అవధానం’ అనే అంటారు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు మధ్యమధ్య గంట కొడుతుంటాడు. అవధాని పద్యాలు చెబుతూనే, చివర్లో ఎన్ని గంటలు మోగాయో చెప్పాలి. రెండు పనుల మధ్య ధ్యాస ఎలా పంచుకుంటున్నారో ఒక్క అంకెలో తేల్చే ఏర్పాటు అది. మీరూ చేయొచ్చు: పేరా చదువుతున్నప్పుడు గ్లాసు మీద చెంచాతో 17 సార్లు కొట్టండి, ఎడం ఒకేలా ఉండకూడదు. చివర్లో చెప్పిన సంఖ్యకూ 17కూ ఉన్న తేడా రాసుకోండి. పేరా మీద రెండు ప్రశ్నలు కూడా అడగాలి, లేకపోతే చదవడం మానేసి గంటలే లెక్కపెడతారు.

4. గుర్తు తెచ్చుకోమనడం. 15 పదాలు వినిపించి, రెండు నిమిషాల తర్వాత రాయించడం. జాబితాలో ‘గేదె’ ఉంది, అమ్మాయి ‘బర్రె’ అని రాసింది. తప్పా ఒప్పా? జాబితాలో ‘బంగాళాదుంప’, రాసింది ‘ఆలుగడ్డ’. అర్థం గుర్తుంది, శబ్దం గుర్తులేదు. మీ ప్రశ్న అర్థం గురించా, విన్న మాట గురించా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పాఠ్యపుస్తకం భాషలో జాబితా రాసి, ఇంటి భాషలో రాసిన జవాబులు కొట్టేస్తే మీరు కొలిచింది జ్ఞాపకం కాదు, పుస్తకాల తెలుగుతో పిల్లలకున్న పరిచయం. అట్లాగని జాబితాలో ఉల్లిగడ్డ, బర్రె లాంటి ఇంటి మాటలూ వద్దు, ఊరూరికీ మారేవి అసలే వద్దు. ‘చెట్టు’, ‘నీళ్లు’, ‘బడి’ లాంటివి తీసుకోండి.

అంకెలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్షలో కూడా ఇదే తంటా. తెలుగులో ‘ఎనిమిది’కి నాలుగు అక్షరాలు, ‘తొమ్మిది’కి మూడు. ఇంగ్లీషు అంకెల్లో చాలావరకు ఒక్క పలుకే. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలను తక్కువగా గుర్తుంచుకుంటామని వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల మీద 1980లో చేసిన అధ్యయనం చూపించింది. మన పిల్లలు ఫోన్ నంబరు ఇంగ్లీషులో చెప్పి, కూరగాయల ధర తెలుగులో చెబుతారు. ఏ భాషో ఒకటి నిర్ణయించి అందరికీ అదే వాడండి.

5. వేగం కొలవడం. 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా వదిలి రెండు వేళ్లతో పట్టుకోమనడం. 10 సెం.మీ. దగ్గర పట్టుకుంటే 0.14 సెకను, 15 దగ్గరైతే 0.175, 20 దగ్గరైతే 0.20. స్కేలు కింద పడే వేగం ఎవరి చేతిలోనైనా ఒక్కటే గనుక ఈ కొలత భలే నిలకడగా ఉంటుంది. ఫోన్ యాప్‌తోనూ కొలవచ్చు. యాప్ కొంచెం ఆలస్యంగా గుర్తిస్తుంది కానీ, అందరికీ ఒకే ఫోన్ వాడితే ఆ ఆలస్యం అందరికీ దాదాపు ఒకేలా కలుస్తుంది, పోలికకు పెద్దగా అడ్డు రాదు. నిద్ర, అలసట మీద ప్రాజెక్టు అయితే ఇదే తీసుకోండి. ఫోన్, చదువు ప్రశ్నకు మాత్రం వద్దు. చేతి వేగం పేరా మీద ధ్యాస కాదు. పుస్తకాల్లో విశ్వసనీయత (కొలత నిలకడ) ఉంది, సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం) లేదు అని చదువుతామే, అది ఇదే.

నేనైతే ఏది తీసుకుంటాను

ఒక్కరే చేస్తున్నారు, ఒకటి రెండు రోజులే ఉన్నాయి, ఇరవై మంది దొరుకుతారు. ఇదీ మామూలుగా మన పిల్లల పరిస్థితి. అక్షరాలు కొట్టే కాగితం తీసుకోండి. చివర్లో ‘ఎంత ధ్యాస పెట్టగలిగావు’ అని ఒక్క ప్రశ్న అడగండి. రెండూ వేర్వేరు మాట చెబితే బాధపడొద్దు, రికార్డులో రాయడానికి అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఉండదు.

ప్రతి ఒక్కరూ రెండు స్థితుల్లోనూ చేయాలి, కాగితాలు రెండు రకాలు ఉండాలి. సగం మందికి ఫోన్ బల్ల మీద ఉండగా ముందు, సగం మందికి పక్క గదిలో ఉండగా ముందు. కాగితాలనూ తారుమారు చేస్తే నాలుగు వరుసలు వస్తాయి, వరుసకు ఐదుగురు. దేవరకొండ నుంచి బస్సులో నిలబడి వచ్చిన అమ్మాయిని దిగగానే కూర్చోబెట్టి, కాలేజీ పక్కనే ఇల్లున్న అబ్బాయిని తీరిగ్గా మధ్యాహ్నం పిలవకండి. అందరికీ ఒకే వేళ, ఒకే గది, పది నిమిషాల విరామం. రోడ్డు వైపు కిటికీ మూసేస్తే గాలి ఆడదు, తెరిస్తే హారన్లు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే ఉంచండి.

ఫోన్ తీసుకునే ముందు ఒక మాట అడగండి: “ఇంట్లో ఎవరికైనా బాగాలేదా, ఫోన్ రావాల్సి ఉందా?” అమ్మ ఆస్పత్రిలో ఉన్న అబ్బాయి ఫోన్ పక్క గదిలో పెట్టిస్తే మీరు కొలిచేది అతని భయాన్ని. అతన్ని ఆ రోజు వదిలేయండి. ఎవరైనా మధ్యలో లేచి వెళ్తానంటే కారణం అడక్కుండా పంపించండి. బడిపిల్లలైతే తల్లిదండ్రుల, హెడ్మాస్టరు అనుమతి తప్పనిసరి.

రికార్డులో రాయాల్సింది ఇలా ఉంటుంది: ‘స్వతంత్ర చరం: ప్రయోజ్యుడి సొంత ఫోన్ ఉన్న చోటు. రెండు స్థితులు. ఒకటి, సైలెంట్‌లో, వైబ్రేషన్ లేకుండా, తెర కిందికి పెట్టి, కాగితం కుడి అంచుకు 20 సెం.మీ. దూరంలో బల్ల మీద. రెండు, అవే సెట్టింగులతో పక్క గదిలో, తాళం వేసిన పెట్టెలో. పరతంత్ర చరం: 600 విడి అక్షరాల కాగితం మీద మూడు నిమిషాల్లో సరిగ్గా కొట్టిన “మ”ల సంఖ్యలోంచి, తప్పుగా కొట్టిన ఇతర అక్షరాల సంఖ్య తీసేయగా మిగిలినది.’

ఇది రాశాక ఆ పేజీ ఒక్కటీ వేరే సెక్షన్ స్నేహితుడికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా ఇద్దరి మీద చేసి చూపించమనండి. మధ్యలో అతను మీకు ఫోన్ చేసి “అరె, ఇక్కడ ఏం చేయాలిరా?” అని అడిగిన ప్రతిచోటా ఒక వాక్యం తక్కువ పడింది. ఆ వాక్యం రాసి, మళ్లీ ఇంకొకరికి ఇవ్వండి.